సున్నం గీత

ఢిల్లీ కంటోన్మెంట్,
29 అక్టోబరు 2006

అనుగ్రహకు మామయ్య పౌలురాజు దీవెనలు.

మీ అడవి చౌకీలో ఫోను పలకదనీ, వారానికోసారి జీపు ఊళ్ళోకి వెళ్తేనే ఉత్తరాలు అందుతాయనీ నువ్వు రాస్తే మీ అత్తయ్య రెబ్కా బాధపడింది. నేను మాత్రం సంతోషించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజస్థాన్ ఎడారి నుంచి మీ అమ్మకు రాసేవాణ్ణి. ఇన్నేళ్ళకు మళ్ళీ ఇన్‌లాండ్ కవర్లు కొన్నాను. పోస్టాఫీసు గుమాస్తా నన్ను వింతగా చూశాడు.

నువ్వు విన్నది నిజమే. మా జింకల ఆవరణ తీసేసి ఆ స్థలంలో కొత్త క్వార్టర్లు కడతారట. మూడేళ్ళుగా దాని బాధ్యత నాదే కదా, వీటినెక్కడికి తోలాలా అని తల పట్టుకున్నాను. ఇంతలో మీ ప్రాజెక్టువాళ్ళే ఆడవాటిని తీసుకెళ్ళి శివాలిక్ కొండల కింద అడవిలో వదులుతారని కబురొచ్చింది. కొమ్ములున్న మగవి ఇక్కడి పార్కుకే వెళ్తాయి. "మామయ్య జింకలు కోడలి దగ్గరికే కాపురానికి పోతుండాయి" అని మీ అత్తయ్య ఒకటే నవ్వు.

అవి ఎంతెత్తు ఉంటాయని అడిగావు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటావేమో గానీ, మీ అడవి జింకలకు ఏ మాత్రం తీసిపోవు. సర్కారు రేషన్ తినే జింకలమ్మా! రోజూ నానబెట్టిన శెనగలు, బర్సీం గడ్డి. ఎత్తుకు ఎత్తు, ఒళ్ళుకు ఒళ్ళు. నీ చేత పరిశోధన చేయిస్తున్న పెద్దసారుకు ఈ మాట నేను చెప్పానని చెప్పు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది. నేను భర్తీకి వెళ్ళిననాడు గుంటూరు మైదానంలో కొలత కర్ర కింద నిలబెట్టి, హవల్దారు "ఛోటా హై" అన్నాడు. నేను మడమలు కొంచెం లేపాను. నెత్తిన ఒక్కటిచ్చి మళ్ళీ కొలిస్తే గీతకు సరిగ్గా తగిలాను. కొండల్లో పుట్టినవాళ్ళకు వేరే గీత, పంజాబువాళ్ళకు వేరే గీత, మనకు వేరే గీత అని తర్వాత తెలిసింది. ఏ నేలలో పుట్టినవాడికి ఆ నేల కొలత. సైన్యానికి ఆ మాత్రం బుద్ధి ఉందిలే.

ఇక్కడ చలి మొదలైంది. నీకు అత్తయ్య స్వెట్టర్ అల్లుతోంది. రంగు బాగాలేదని మాత్రం రాయకు.

మామయ్య


సేమల్‌వాలా చౌకీ,
12 నవంబరు 2006

మామయ్య గారికి వందనాలు.

ముందుగా ఒక మాట. అవి జింకలు కావు, చుక్కల దుప్పులు. మూడేళ్ళు మేపి పేరు తెలియదంటే ఆ హవల్దారు మళ్ళీ వచ్చి నెత్తిన ఇంకొకటిస్తాడు.

నేను ఇక్కడేం చేస్తున్నానో అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా "ఎముకలేరుకుంటోంది" అని చుట్టాలందరికీ చెబుతోంది. అదీ నిజమే. చిరుతపులులు తిని వదిలిన దుప్పుల దవడలు ఏరి తెచ్చుకుంటాను. పళ్ళ అరుగుదల చూస్తే వయసు తెలుస్తుంది, ఎముక పొడవు చూస్తే ఎత్తు తెలుస్తుంది. మా చౌకీ కింద నది ఒడ్డున పచ్చగడ్డిలో పుట్టిన దుప్పులు నిలువెత్తుగా ఉంటాయి. పైన ఎండిన కొండవాలు మీద పుట్టినవి కురచగా ఉంటాయి. జాతి ఒకటే, అడవి ఒకటే, మధ్యలో ఉన్నది కాస్త దూరం. పుట్టిన మొదటి ఏడాది దొరికిన తిండే వాటి ఎత్తును నిర్ణయిస్తుంది. ఆ ఏడాది కడుపు మాడితే తర్వాత ఎంత మేపినా ఒళ్ళు వస్తుంది గానీ బొమిక సాగదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టే. నా థీసిసంతా ఇదే.

ఇక జనవరిలో చేయాల్సిన పని. శ్రద్ధగా చదవండి. అప్పటికి చాలా తల్లులు ఈని ఉంటాయి. పుట్టిన కొన్ని వారాల దాకా పిల్లను ముళ్ళపొదలో దాచి, తల్లి వచ్చి పాలిచ్చి పోతుంటుంది. ఆ పిల్ల మనం పక్కనుంచి నడిచినా కదలదు, కనబడదు. అందుకని ఈసారి తల్లులను తేవద్దు. ఏడాది దాటిన, ఇంకా ఈనని పడుచువాటినే తెద్దాం. పిల్లలు తల్లి వెంట తిరగడం మొదలయ్యాక హోలీ తర్వాత రెండో లారీలో తల్లీపిల్లలను కలిపి తెద్దాం.

ఏది తల్లో ఏది పడుచుదో పట్టుకుని చూడటం కుదరదు. చెయ్యి వేస్తే భయంతోనే ప్రాణం పోతుంది. అందుకని గుడ్డ గోడల మధ్య నుంచి చెక్కల దారిలోకి ఒక్కొక్కటే వచ్చేలా చేస్తాం. ఆ దారిలో పలక మీద నేను చెప్పిన ఎత్తున సున్నంతో గీత గీయించండి. భుజం గీతకు కిందుంటే ఎడమ తలుపు తీయండి, లారీలోకి వెళ్తుంది. గీత దాటితే అది తల్లి. కుడి తలుపు తీసి ఆవరణలోకే వదిలేయండి. రేషన్ బాగా తింటున్నాయని రాశారు గనక మా నది ఒడ్డు దుప్పుల కొలతే తీసుకున్నాను. తలుపు దగ్గర మీరే ఉండాలి. ఇంకెవరి మీదా నాకు నమ్మకం లేదు.

స్వెట్టర్ ఏ రంగైనా వేసుకుంటాను. ఇక్కడ చూసేది కోతులే.

అనుగ్రహ


ఢిల్లీ కంటోన్మెంట్,
16 జనవరి 2007

అనూ,

లారీ వెళ్ళిపోయింది. ఈ ఉత్తరం అందేసరికి అవి నీ దగ్గరే ఉంటాయి. అంతా నువ్వు చెప్పినట్టే జరిగింది.

తెల్లవారుజామున మొదలుపెట్టాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే పది అడుగుల దూరంలో ఉన్న పాపయ్య కూడా గొంతే గానీ మనిషి కనబడలేదు. పాపయ్య అంటే మా శ్రీకాకుళం నాయక్, క్రిస్మస్‌కు మా ఇంట్లో పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నవాడు. నేను చెక్కల దారి పక్కన చీలిక దగ్గర కూర్చున్నాను. అందులోంచి వాటి వీపు, వెనక సున్నం గీత మాత్రమే కనబడతాయి. మీ పెద్దసారు, ఇద్దరు అటవీ అధికారులు నా వెనకే నిలబడ్డారు.

దాదాపు అన్నీ గీత కిందనుంచే వెళ్ళాయి. నాలుగే వెనక్కి తిరిగాయి. "ఏటి సాబూ, మన కాడ అన్నీ గుంటలేనేటి?" అని నవ్వాడు పాపయ్య. వాళ్ళ వైపు గుంట అంటే పడుచుపిల్ల. నోరు మూసుకోమన్నాను. చెవి చిరిగినదొకటి చీలిక దగ్గర ఆగి కాసేపు కదల్లేదు. దాని ఊపిరి నా చేతికి తగిలింది. భుజం గీతకు కిందే ఉంది. ఎడమ తలుపు తీశాను.

ఇప్పుడు ఆవరణ బోసిపోయింది. నిన్న సాయంత్రం మీ అత్తయ్య కంచె దాకా వచ్చి "ఏందో సన్నంగా అరుస్తుండాయి" అంది. పక్షులై ఉంటాయిలే అన్నాను. మార్చి నెలాఖరుకు నా రిటైర్‌మెంటు. ఈ పని బాగా చేసి దిగిపోతున్నానని తృప్తిగా ఉంది.

మామయ్య


సేమల్‌వాలా చౌకీ,
27 జనవరి 2007

మామయ్య గారికి వందనాలు.

లారీ క్షేమంగా చేరింది. ఒకటి మాత్రం దారిలోనే పోయింది. ఇలాంటి ప్రయాణాల్లో అది మామూలేనని సారు అన్నారు, మీరు మనసులో పెట్టుకోకండి. మిగతావాటిని అడవిలోకి వదిలే ముందు అలవాటుపడటానికి నది ఒడ్డున పెద్ద కంచెలో ఉంచాం. మోకాలెత్తు పచ్చగడ్డి ఉంది. ఇంకా సరిగ్గా మేయడం లేదు. ఎక్కువసేపు దక్షిణం వైపు కంచెకు ఆనుకుని నిలబడుతున్నాయి. కొత్త చోటు కదా.

అక్కడ మిగిలిన తల్లులు ఎలా ఉన్నాయి? పిల్లలు కనబడుతున్నాయా? తల్లులు పొదల దగ్గరికి వెళ్ళి పాలివ్వడం మీరు కళ్ళారా చూశారా? ఊరికే అడుగుతున్నాను, రికార్డులో రాయాలి కాబట్టి. వీలైనంత త్వరగా జవాబు రాయండి.

ఏప్రిల్‌లో థీసిస్ మొదటి భాగం ఇవ్వాలి. పని ఎక్కువగా ఉంది, ఉత్తరం పొట్టిగా ఉందని అనుకోవద్దు.

అనుగ్రహ


ఢిల్లీ కంటోన్మెంట్,
8 ఫిబ్రవరి 2007

అనూ,

ఇక్కడ అందరూ క్షేమం. నువ్వు అడిగినవన్నీ చూశాను. పిల్లలు బాగున్నాయి. తల్లుల వెంట పడి అప్పుడే గెంతులు మొదలుపెట్టాయి. నీ రికార్డులో అలాగే రాసుకో. జింకల గురించి నువ్వేమీ ఆలోచించకు. నీ థీసిస్ నువ్వు చూసుకో. డాక్టర్ అనుగ్రహ అని బోర్డు రాయించి మీ అమ్మ ఇంటి గుమ్మానికి నేనే కొడతాను.

ఎండ కాస్త వస్తోంది. పనిలో పడి ఎక్కువ రాయలేకపోతున్నాను.

మామయ్య

అనూ, నేను అత్తయ్యని. కవరంటించి డబ్బాలో ఎయ్యమని ఆయన నాకిచ్చి డ్యూటీకి పోయాడు. కింద జాగా ఉంటే రాస్తుండా. పైన రాసిందేదీ నమ్మబాక. ఆ తెల్లారినుంచే తుప్పల్లో పిల్లలు ఒకటే అరుపు. ఏ తల్లీ రావట్లా. ఇక్కడ మిగిలిన నాలుగూ పిల్లలు లేనివి, దగ్గరికి పోతే కాలితో తన్నుతుండాయి. ఆసుపత్రిలో నెలలు నిండని బిడ్డల్ని ఎంతమందిని సాకానో నీకు తెలుసుగా, అట్టాగే సీసాతో గేదెపాలు పడుతుండా. తాగినయ్యి తాగినట్టే విరోచనాలు. ఇయ్యాళ పొద్దున రెండు పోయినయ్. నీళ్ళు ఎన్ని కలపాలో ఎంటనే రాయి. నీకు తెలిస్తే చదువు మీద మనసు నిలవదని ఆయన చెప్పబాకన్నాడు. ఆయన అన్నం కూడా సరిగ్గా తినట్లా. నేను రాశానని తెలియనియ్యబాక.


సేమల్‌వాలా చౌకీ,
17 ఫిబ్రవరి 2007

మామయ్య గారికి,

అత్తయ్య రాసింది. ఆమెను ఏమీ అనకండి.

ముందు పని సంగతి. గేదెపాలు చిక్కన, సగానికి సగం కాచిన నీళ్ళు కలపండి. ఒకేసారి కడుపు నిండా పట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. విరేచనాలయ్యేవాటికి ఒక పూట పాలు ఆపి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళే ఇవ్వండి. పట్టాక తడిగుడ్డతో పొట్ట కింద రుద్దాలి, తల్లి నాకినట్టు. అలా చేయకపోతే వాటికి మూత్రం కూడా రాదు.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. దారిలో చనిపోయినదాన్ని దించినప్పుడే దాని పొదుగు నిండుగా ఉంది. దవడ తెరిచి చూశాను. పళ్ళు సగం అరిగిపోయి ఉన్నాయి. అది పడుచుది కాదు, ఎన్నో ఈతలు ఈనిన తల్లి. కంచెలో ఉన్నవాటిని దుర్భిణీతో చూస్తే దాదాపు అన్నిటి పొదుగులూ అంతే. అవి దక్షిణం వైపు ఎందుకు నిలబడుతున్నాయో మొదటిరోజే అర్థమైంది. ఢిల్లీ అటే కదా. మీకు రాయలేకపోయాను. మీరు తలుపు తీసిన చేతిని చూసుకుని కుమిలిపోతారని ఊరికే అడిగినట్టు అడిగాను. మీరు అంతా బాగుందని రాశారు. నమ్మాలని ఎంత ఆశగా ఉందో! అత్తయ్య మాటలు చదివేదాకా నమ్మాను కూడా.

గీత నాది. రెండేళ్ళుగా నేల మారితే ఎత్తు మారుతుందని రాస్తున్నదాన్ని, మీ దుప్పులు ఏ నేలలో పుట్టాయో ఒక్కసారి వచ్చి చూడకుండా నది ఒడ్డు గీతను వాటికి పెట్టాను. ఏ నేలలో పుట్టినవాడికి ఆ నేల కొలత అని మీరు రాస్తే చదివి నవ్వుకున్నాను. నవ్వుకుని పక్కన పెట్టాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

కానీ మిమ్మల్ని ఒక్క మాట అడగాలి, కోపం తెచ్చుకోవద్దు. రోజూ శెనగలు, బర్సీం పెడుతున్నామని రాశారు. అలా తిన్న దుప్పి ఇంత కురచగా ఉండదు. నిజంగా పెట్టారా?

బతికున్నవాటిని తీసుకొచ్చేయండి. తల్లుల పొదుగులు ఇంకిపోతున్నాయి. కంచె తలుపు తీయకుండా ఇంకొన్నాళ్ళు ఆపమని సారును బతిమాలాను. ఇకమీదట మనమిద్దరం ఒకరి మనసు ఒకరు కాపాడటానికి అబద్ధాలు రాసుకోవద్దు, మామయ్యా. దానివల్లే ఇన్నాళ్ళు పోయాయి.

అనుగ్రహ


ఢిల్లీ కంటోన్మెంట్,
26 ఫిబ్రవరి 2007

అనూ తల్లీ,

పెట్టలేదు.

స్థలం పోతుందని తెలిసిననాడే రేషన్ ఆగిపోయింది. అది జరిగి రెండేళ్ళు దాటింది. అంతకుముందు కూడా మంద పెరిగిందే గానీ మేత పెరగలేదు. ఆవరణలో గడ్డి ఎప్పుడో అయిపోయింది. మిగిలింది సర్కారు తుమ్మ ఒక్కటే. దాని కాయలు, దాని బెరడు తిని బతికాయి. పాపయ్య, నేను రోడ్డు పక్కన రావికొమ్మలు కొట్టి తెచ్చి వేసేవాళ్ళం. ఏ మూలకు సరిపోతాయి? ఇక్కడ పుట్టినవి పుట్టినట్టే గిడసబారిపోయాయి. అదంతా నీకెలా రాయను? సుబేదార్ పౌలురాజు జింకలంటే ఎలా ఉండాలి? ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత. మేనకోడలి ముందు గొప్పకు పోయాను.

ఇంకా ఉంది. మొదటి నాలుగైదు వెళ్ళగానే నాకు అర్థమైంది. ఇన్ని పడుచువి మన దగ్గర లేవు. పాపయ్య నవ్వినప్పుడే ఆగమని చెయ్యెత్తాల్సింది. ఎత్తితే నా వెనక నిలబడ్డ మీ సారుకు, ఆ అధికారులకు చెప్పాలి. ఇవి తిండిలేక కురచబడ్డ తల్లులు, నేను నా కోడలికి రాసిందంతా డాబు అని. చెయ్యి ఎత్తలేదు. గీత ఉంది కదా, గీత ప్రకారం తలుపు తీయడమే నా పని అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు సైన్యంలో ఉన్నవాడికి అలా అనుకోవడం చాలా తేలిక. లారీ కదిలాక చూస్తే చెవి చిరిగినది ఆగిన చోట కింద చెక్క మీద పాలచుక్కలు. బూటుతో తుడిచేశాను.

అందుకని గీత నీదని ఏడవకు. గీత నీదైతే తలుపు నాది.

నీ ఉత్తరం అందేసరికే చాలావరకు పోయాయి. తుమ్మచెట్ల వెనక నేనే గుంటలు తీశాను. పాపయ్య వస్తానన్నా రానివ్వలేదు. ఒక్కటి మిగిలింది, ఆడది. చెవి చిరిగినది ఎప్పుడూ తిరిగే పొదలో దొరికింది కాబట్టి దాని బిడ్డే అయి ఉంటుంది. నువ్వు రాసినట్టు పట్టాక కడుపు నిలిచింది. మీ అత్తయ్య సెలవు పెట్టి దాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నేను దాన్ని రంగ్రూట్ అని పిలుస్తున్నాను. కొత్తగా భర్తీ అయినవాణ్ణి మావాళ్ళు అలాగే అంటారు. నా బూటు లేసు ఒకటి మెడకు కట్టాను, తప్పిపోతే గుర్తుపట్టడానికి. హోలీ వెళ్ళగానే జీపులో తెస్తాను. అనుమతి కాగితం చేతికొచ్చింది.

తల్లి పొదుగు అప్పటిదాకా ఉంటుందా?

మామయ్య


సేమల్‌వాలా చౌకీ,
20 మార్చి 2007

మామయ్య గారికి వందనాలు.

మీరు క్షేమంగా ఇల్లు చేరారని తలుస్తాను. చీకటి పడకముందే ఘాట్ దిగాలని మిమ్మల్ని తొందరపెట్టి పంపించేశాను. మీరు జీపులోంచి చౌకీ మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు.

మీరు వెళ్ళిన సాయంత్రమే రంగ్రూట్‌ను కంచెలోకి వదిలాను. చెవి చిరిగిన తల్లి మెల్లగా వచ్చి వాసన చూసింది. తర్వాత నాకింది. రంగ్రూట్ తోక ఊపుకుంటూ దాని వెంటే వెళ్ళిపోయింది. ఇప్పుడు రెండూ కలిసే మేస్తున్నాయి. అత్తయ్యకు ఈ మాట చదివి వినిపించండి. మీరు నిశ్చింతగా రిటైరవ్వండి.

అనుగ్రహ


గ్రేటర్ నోయిడా,
4 జనవరి 2009

అనుగ్రహకు దీవెనలు.

నువ్వు అడవి వదిలి థీసిస్ పూర్తిచేయడానికి మునిర్కాలో గది తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. వచ్చి ఐదు నెలలైందట. నేను ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో సెక్యూరిటీ ఆఫీసరునని నీకు తెలుసు. ఒక్క బస్సు మారితే వచ్చేస్తావు. ఫోన్ చేస్తే పని ఉందంటావు. క్రిస్మస్‌కు కూడా రాలేదు. "ఆ పిల్లకి మనమీద ఇంకా కోపం పోలేదు" అంటుంది మీ అత్తయ్య. నీ కోపంలో న్యాయం ఉంది, కాదనను. అందుకే ఫోన్ మానేసి మళ్ళీ ఇన్‌లాండ్ కవరు తీసుకున్నాను. ఉత్తరానికైతే జవాబిస్తావు.

ఆ గుంటలు తవ్విన చోట ఇప్పుడు నాలుగంతస్తులు లేచాయి. మొన్న పింఛను పనిమీద వెళ్తే బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆ మనాదిలో నాకున్న ఆసరా ఒక్కటే, రంగ్రూట్ తల్లిని చేరింది. అన్నీ పోయినా ఒకదాన్ని చేర్చాను కదా అనుకుంటాను. నవ్వకు, మా వంటింటి తలుపు చట్రం మీద దాని ఎత్తు పెన్సిల్‌తో గీస్తున్నాను. నది ఒడ్డు గడ్డి తింటే ఎంత పెరుగుతుందో నువ్వు రాసిన లెక్కే. మొన్న కొత్త సంవత్సరం రోజున ఇంకో గీత గీశాను. ఇప్పటికి రెండేళ్ళు నిండుతాయి, గీత మీ అత్తయ్య నడుము దాటింది. నిజంగా అంతే ఉందా? అడవి వదిలి వచ్చే ముందు చూసే ఉంటావు. అంత లేకపోయినా ఫరవాలేదు, ఉన్నంతే రాయి.

ఒక ఆదివారం రా.

మామయ్య


మునిర్కా,
9 జనవరి 2009

మామయ్య గారికి వందనాలు.

నాకు మీమీద కోపం లేదు. మీ ముఖం చూడలేక రాలేదు.

అబద్ధాలు రాసుకోవద్దని నేనే అన్నాను. ఆ తర్వాతి ఉత్తరంలో నేనే రాశాను. రంగ్రూట్‌ను కంచెలో వదిలినప్పుడు చెవి చిరిగిన తల్లి వచ్చిన మాట నిజం. వాసన చూసిన మాట నిజం. అంతే. తల తిప్పుకుని వెళ్ళి గడ్డి మేసింది. దాని పాలు అప్పటికే ఇంకిపోయాయి. దక్షిణం వైపు నిలబడటం కూడా మానేసింది. మిగతా తల్లులు కూడా రంగ్రూట్‌ను దగ్గరికి రానివ్వలేదు. ఆ రాత్రి నుంచి నేనే చౌకీలో ఉంచుకుని సీసా పట్టాను. నది గడ్డికి బాగా అలవాటుపడింది, పెరిగింది కూడా. కానీ దానికి భయం నేర్పేవాళ్ళు లేకపోయారు. మనిషన్నా కుక్కన్నా ఎదురెళ్ళేది. ఆ ఏడాదే వానలు తగ్గాక ఒక పొద్దున కనబడలేదు. నాలుగో రోజు గార్డు మామూలుగానే, చిరుత వదిలిన దవడ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దాంతోపాటు మీ బూటు లేసు కూడా తెచ్చాడు.

చెవి చిరిగిన తల్లి అడవిలో బాగానే ఉంది. ఆ చలికాలమే ఒక పిల్లను ఈనింది. నేను వచ్చేసేనాటికి దానికి ఇంకా ఏడాది కూడా నిండలేదు, అప్పటికే తల్లి భుజాన్ని అందుకుంది. ఈపాటికి దాటే ఉంటుంది. తల్లి మాత్రం మీ తుమ్మచెట్ల కింద ఎంత ఉందో అంతే ఉంది, ఇక అంతే ఉంటుంది. ఆ రెండింటినీ ఇప్పుడు నా గీత ముందు నడిపిస్తే పిల్లను తల్లి అనుకుని వదిలేసి, తల్లినే మళ్ళీ లారీ ఎక్కిస్తాం.

రంగ్రూట్ దవడ నాతోనే మునిర్కాకు వచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఏరిన ఎముకల్లో కొలవనిది అదొక్కటే. లెక్కలో ఒకటి తగ్గిందేమని సారు రెండుసార్లు అడిగారు.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కుతాను. దాన్ని తెస్తాను, కొలత స్కేలు కూడా తెస్తాను. దవడ పొడవు చూస్తే భుజం ఎత్తు చెప్పడం నా పనే కదా. మీ ముందే కొలుస్తాను. అత్తయ్యకు ముందుగా మీరు చెప్పి ఉంచండి, నాకు ధైర్యం చాలదు. తలుపు మీద మీరు గీసినవేవీ చెరపొద్దు. వాటి పక్కనే నిజం గీత ఒకటి గీద్దాం. అది మీ గీతకన్నా చాలా కిందుంటుంది, మామయ్యా.

అనుగ్రహ